పర్లాకిమిడి బడిలో మొదలైన పని

(ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థుల ముందు, ఆగస్టు 29న, ఒక పాఠ్యపుస్తక సంపాదకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీ అందరికీ లోపలికి వచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు కదా. దాన్ని మడిచి నోటుబుక్కులో పెట్టుకోండి. చివర్లో దాంతో పని ఉంది.

ఈ రోజు తెలుగు భాషా దినోత్సవం. ఈ రోజున సభల్లో మన భాష ఎంత తియ్యనిదో చెప్పుకోవడం అలవాటు. నేను వేరే సంగతి మాట్లాడతానని మీ మాస్టార్లకు ముందే చెప్పాను, వాళ్లు ఒప్పుకున్నారు. పాతికేళ్లుగా నా పని పిల్లలకు పాఠాలు రాయించడం, వాటిని దిద్దడం, అచ్చుకు పంపడం. ఆ పని చేసే మనిషిగా, ఈ రోజు ఎవరి పుట్టినరోజో ఆయన గురించి మాట్లాడాలని ఉంది. గిడుగు వెంకట రామమూర్తి గారు. మనం ఆయన్ని వ్యావహారిక భాషోద్యమ పితామహుడని పిలుస్తాం, విగ్రహానికి దండ వేస్తాం. కానీ ఆయన ముందుగా ఒక బడిపంతులు. తర్వాత పాఠ్యపుస్తకాలు తయారుచేసినవాడు, పత్రిక నడిపినవాడు. ఉద్యమం ఆ పనిలోంచి వచ్చింది. ఈ వరస తలకిందులు చేసి చెప్పుకుంటే ఆయన మనకు సగమే అర్థమవుతాడు. నా మాటల్లో అసలు సంగతి ఇదే.

ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, మన శ్రీకాకుళం సీమలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. వంశధార ఒడ్డు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విశాఖపట్నంలో మేనమామ గారింట్లో ఉండి చదువుకున్నారు, 1879లో మెట్రిక్ ప్యాసయ్యారు. మరుసటి ఏడు, అంటే 1880లో, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. జీతం 30 రూపాయలు. ఆయన చెప్పింది తెలుగు కాదు, చరిత్ర. మీలో చాలామందికి ఈ సంగతి కొత్తగా ఉండొచ్చు. అప్పుడాయనకు పదిహేడేళ్లు. ఇక్కడ కూర్చున్న మీకంటే చిన్నవాడు.

పై చదువులు ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా చదువుకున్నారు. ముఖలింగం గుడిలో రాతి మీద చెక్కిన శాసనాలను ఎవరూ నేర్పకుండా తనంతట తాను చదవడం నేర్చుకున్నారు. గాంగ రాజుల చరిత్ర మీద ఆ శాసనాలు పట్టుకుని వ్యాసాలు రాశారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆయన జీవితమంతా ఈ పద్ధతిలోనే నడిచింది. పుస్తకంలో ఎవరో చెప్పారని నమ్మకుండా రాయి దగ్గరికి వెళ్లి అక్షరం తడిమి చూడడం. తర్వాత తెలుగు మీద వాదన వచ్చినప్పుడూ ఆయన చేసింది అదే.

ఇప్పుడు సవరల సంగతి. ఆయన చేసినవాటిలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన పని ఇది, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలనే గిరిజనులు. సంతకు దిగివస్తారు, పుల్లలు, చింతపండు, అడ్డాకులు అమ్ముకుంటారు, లెక్క తెలియక మోసపోతారు, వెళ్లిపోతారు. వాళ్ల పిల్లలు బడి ముఖం చూడలేదు. ఈ యువ టీచరుకు వాళ్లకు చదువు చెప్పాలనిపించింది. అప్పట్లో ఎవరైనా ఏం చేస్తారు? తెలుగు వాచకం పట్టుకెళ్లి అ ఆలు దిద్దిస్తారు. ఆయన ముందు సవర భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. ఆ కాలంలో ఆ కులాల పట్టింపుల మధ్య, ఒక సవర మాట కోసం గురువును ఇంటికి తెచ్చుకోవడమంటే ఏమిటో ఆలోచించండి.

సవర మన తెలుగులాంటి ద్రావిడ భాష కాదు. ముండా కుటుంబానికి చెందినది. సంతాలీకి చుట్టం. అందులో కొన్ని ధ్వనులకు మన అక్షరమాలలో చోటు లేదు. గొంతులో గాలిని ఒక్క క్షణం పట్టి వదిలే ధ్వని ఒకటుంది. తెలుగు చెవికి అది వినపడదు, ఎందుకంటే మన భాషలో దాని అవసరం లేదు. అది ఉందో లేదో తెలియకపోతే ఒక మాటకు ఇంకో మాట రాసేస్తాం. అంటే ఆయన ముందు చేయాల్సింది రాయడం కాదు, వినడం. పాటలు, కథలు, ఇంట్లో పిల్లాణ్ని పిలిచే పిలుపులు, అన్నీ వినడం. విన్నవాటిని కాగితం మీద పెట్టే దారి వెతకడం. ఆ తర్వాతే వాచకం. సవరలో పుస్తకాలు తయారుచేసి, తన సొంత డబ్బుతో బళ్లు పెట్టి, టీచర్లకు తన జేబులోంచి జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలో చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను అచ్చువేస్తామని, పారితోషికం ఎంత కావాలని అడిగితే, నాకేమీ వద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టండి అన్నారు.

కొండల్లో తిరిగినప్పుడు జ్వరాలు పట్టుకునేవి. జ్వరానికి క్వినైన్ వాడారు. దాని వల్ల ఆయన చెవులు దెబ్బతిన్నాయి. జీవితాంతం చెవుడు మిగిలింది. ఒక భాషను వినడం కోసం వెళ్లిన మనిషి వినికిడి అక్కడే పోగొట్టుకుని వచ్చాడు. ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది. అయినా ఆయన ఆ పని వదల్లేదు. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. ఇరవైల్లో మొదలుపెట్టిన పని. ఒక పుస్తకం ఆరు నెలలు ఆలస్యమైతే టెన్షన్ పడిపోయే మా సంపాదకులకు ఆ ఓర్పు తలచుకుంటేనే ధైర్యం వస్తుంది.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట, రెండో తరగతి కోసం మేం తయారుచేసిన పాఠాన్ని ఏజెన్సీలో ఒక చిన్న బడిలో చదివించి చూద్దామని వెళ్లాను. పాఠం నేనే దిద్దాను. ఊరి బస్టాండు గురించి. చిన్న చిన్న వాక్యాలు, ఒత్తులు తక్కువ, బొమ్మలు బాగున్నాయి. ఒక పాప లేచి ఎక్కడా తడబడకుండా చదివింది. నాకు చాలా సంతోషమేసింది. కథ ఏమిటమ్మా అని అడిగాను. మాట్లాడలేదు. మళ్లీ అడిగాను. తల దించుకుంది. పక్కనున్న పిల్లవాడు ఆ పాప చెవిలో సవరలో ఏదో చెప్పాడు. వెంటనే ఆ పాప ముఖం విప్పారింది. వాడికి గబగబా ఏదో చెప్పింది, చేతులు తిప్పుతూ, ఒకచోట నవ్వుతూ. మాస్టారు నాకు వివరించారు: బస్సు ఎలా ఉంటుందో వాళ్ల నాన్న చెప్పాడట, అదే చెబుతోంది అని. అక్షరాలన్నీ చదివిన పాపకు నా పాఠం ఒక్క ముక్క అందలేదు. పిల్లవాడి ఒక్క మాట అందింది. ఆ ప్రూఫు నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అచ్చుతప్పులే చూశాను.

తిరిగొచ్చాక గిడుగు గారి వ్యాసాలు మళ్లీ తీశాను. అంతకుముందు పరీక్షల కోసం చదివినవే. ఈసారి అవి ఒక టీచరు రాసిన రాతల్లా కనిపించాయి.

ఇక తెలుగు సంగతికి వద్దాం. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర జిల్లాల బళ్లకు ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠం చెప్పే తీరు ఆయనకు బోధపడలేదు. జనం మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ఉండేది ఇంకొకటి ఎందుకని అడిగారు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, దీనికి జవాబు చెప్పగలవాళ్లు ఇద్దరు, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అని చెప్పారు. గురజాడ, గిడుగు చిన్నప్పటి స్నేహితులే. అక్కడి నుంచి టీచర్ల సదస్సులు మొదలయ్యాయి. ఇది నాకు ముఖ్యంగా తోచే సంగతి. మన భాషా చరిత్రలో అంత పెద్ద గొడవ రాజుగారి కొలువులో పుట్టలేదు, కవుల సభలో పుట్టలేదు. స్కూలు తనిఖీలో పుట్టింది.

అప్పటి పుస్తకం ఎలా ఉండేదో మీకు ఒక వాక్యం చెబుతాను. ‘పిల్లవాఁడు బడికిఁ బోవుచున్నాఁడు.’ మీరు ఇంట్లో ఏమంటారు? పోతున్నాడు. మన ఊళ్లలోనైతే ఎల్తన్నాడు అంటారు. ఆ వాక్యంలో అరసున్నలున్నాయి. పోవు అనే మాట బోవు అయింది. ఎందుకయింది? ద్రుతం తర్వాత పరుషం సరళమవుతుంది కనుక, అంటుంది వ్యాకరణం. ఇది ఆరేళ్ల పిల్లవాడికి వివరించాలి. వాడికి పోవడం తెలుసు, బడి తెలుసు, కానీ ఈ వాక్యం మాత్రం వాడిది కాదు. తెలుగు పిల్లవాడికే తన భాష పరాయి భాషగా నేర్పుతున్నారు. సవర పిల్లల బళ్లు నడిపిన మనిషికి ఇది కనపడకుండా ఎలా ఉంటుంది? కొండ మీద పిల్లవాడికి తెలుగు వాచకం ఎంత దూరమో, కొండ కింద పిల్లవాడికి గ్రాంథిక వాచకం కూడా ఇంచుమించు అంత దూరమే. గిడుగు గారి రెండు పనులూ ఒకటేనని నేననేది ఇందుకే. చాలామంది సవర సేవను ఒక అధ్యాయంగా, భాషోద్యమాన్ని ఇంకో అధ్యాయంగా రాస్తారు. నేను ఒప్పుకోను.

1912-13లో కొంత గెలుపు వచ్చింది. స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసం పాత భాషలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయొచ్చని బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు గారు ముందుండి పోరాడారు. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ పక్షాన నిలిచింది. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో గురజాడ తన అసమ్మతిని పత్రంగా రాసి ఇచ్చారు. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు. గిడుగు గారు దాదాపు ఒంటరైపోయారు.

ఆయన అప్పుడు చేసినదాంట్లో నాకు సంపాదకుడు కనిపిస్తాడు. గట్టిగా అరవలేదు. ఉదాహరణలు పోగుచేశారు. మీరు తప్పు అంటున్న ప్రయోగం ఫలానా మహాకవి వాడాడు, ఇదిగో పద్యం. పూర్వం వచనం రాసినవాళ్లు, వ్యాఖ్యానాలు రాసినవాళ్లు, శాసనాలు చెక్కించినవాళ్లు మాట్లాడే భాషకు దగ్గరగానే రాశారు, ఇదిగో ఆ వాక్యాలు. అలా పద్యాలకు ‘బాలకవి శరణ్యం’, వచనానికి ‘గద్యచింతామణి’ తయారయ్యాయి. ఇంకో అడుగు వేసి, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల సొంత రచనలను తీసుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్లు ఎక్కడెక్కడ తప్పారో చూపించారు. అది ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’. ఎవర్నో చిన్నబుచ్చడానికి రాసిన పుస్తకంగా కొందరు చూస్తారు. నాకలా అనిపించదు. పెద్ద పండితులే తప్పు లేకుండా రాయలేని భాషను పదేళ్ల పిల్లలతో పరీక్షలో రాయించి, తప్పులకు మార్కులు కోయడం న్యాయమా అనేది ఆయన ప్రశ్న. 1925లో తణుకు సభలో ఆయన నాలుగు గంటలసేపు ఈ ఉదాహరణలు చెబుతూనే ఉన్నారు. చెవులు వినపడని అరవై దాటిన మనిషి, నాలుగు గంటలు.

గ్రాంథికం రాని వాడు కాదాయన. ఎదుటి పక్షం వాళ్లలో ఎంతమందికో రానంత వచ్చు. పాత కావ్యాలు చదవొద్దనీ ఆయన ఎప్పుడూ అనలేదు. చదవండి, ఆనందించండి, కానీ ఇవాళ్టి జ్ఞానాన్ని ఇవాళ్టి భాషలో రాయండి, పిల్లలతో రాయించండి అన్నారు.

1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు. మేనెలలోనే ఆయన పోయారు. అదే 1919లో గిడుగు గారు ‘తెలుగు’ అని ఒక మాసపత్రిక పెట్టారు. ఒక ఏడాది మాత్రమే నడిచింది. పత్రిక నడపడమంటే ఏమిటో ఆ పని చేసినవాళ్లకు తెలుసు: కాగితం, అచ్చు కూలి, తపాలా, చందాలు రాబట్టుకోవడం, రాస్తానన్నవాళ్లు రాయకపోతే ఆ పేజీలు తనే నింపుకోవడం. ఏడాదికి ఆగిపోయింది కనుక అది ఓడిపోయిందని నేననుకోను. తన వాదనను తను కోరిన భాషలోనే నెలనెలా రాసి చూపించడం అప్పటికి కావాలి. శాస్త్ర విషయం వాడుక భాషలో రాస్తే గౌరవం ఉండదనేవాళ్లకు ఆ సంచికలే జవాబు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. గిడుగు గారు కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడే భాష. ఆ కాలానికి అది చాలా పెద్ద అడుగు. కానీ తర్వాత పాఠ్యపుస్తకాల్లోకి వచ్చేసరికి ఆ శిష్టులంటే ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లే అయ్యారు. ఆయన పుట్టిన ఊరి పిల్లల ‘ఎల్తన్నాడు’ పుస్తకంలోకి రాలేదు. తెలంగాణ పిల్లల ‘పోతుండు’ రాలేదు, రాయలసీమ పిల్లల ‘పోతాండాడు’ రాలేదు. ఆ పిల్లలు తమ మాట తప్పనుకుంటూ పెరిగారు. అనకాపల్లిలోనో అదిలాబాదులోనో ఒక పిల్లవాడు నోరు విప్పగానే టీచరు సరిదిద్దితే వాడు రెండోసారి నోరు విప్పడు. మా సమావేశాల్లో ఒక్క మాట కోసం పూటంతా వాదించుకున్న రోజులున్నాయి. బీరకాయా నేతిబీరా అని కాదు, అమ్మను ఏమని పిలిపించాలి అని. ఏ పుస్తకమూ అందరి ఇంటి మాటనూ పట్టలేదు. అందుకే టీచరు కావాలి. పుస్తకంలో మాట ఒకటుంటే, మీ ఇంట్లో ఏమంటారు అని అడిగి రెండూ నల్లబల్ల మీద రాసే టీచరు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. గిడుగు గారు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు, ఇల్లు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1940 జనవరిలో, చనిపోవడానికి వారం ముందు, పత్రికల సంపాదకులకు ఒక విన్నపం చేసుకున్నారు. వాడుక భాషలో రాయండి అనే. జనవరి 22న పోయారు. చివరి మాటలు కవులకు కాకుండా సంపాదకులకు చెప్పారు చూడండి. భాష రోజూ జనం చేతిలోకి వెళ్లేది పత్రికలోంచి, వాచకంలోంచి అని ఆయనకు తెలుసు. పిల్లల పుస్తకాలు ఆయన కోరిన భాషలోకి పూర్తిగా రావడానికి ఆయన పోయాక ఇంకా దశాబ్దాలు పట్టింది.

సవర సంగతి కూడా ముందుకు సాగింది. 1936లోనే మంగేయి గొమాంగో అనే ఆయన సవర భాషకు సొంత లిపి తయారుచేశారు. మన దగ్గర, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకు మొదటి తరగతుల్లో వాళ్ల భాషలోనే చదువు మొదలుపెట్టాలని ఒక కార్యక్రమం వచ్చింది. తెలుగు లిపిలో సవర వాచకాలు తయారయ్యాయి. గిడుగు గారు జేబులోంచి జీతాలిచ్చి నడిపిన బళ్లకు, ఈ వాచకాలకు మధ్య దాదాపు నూరేళ్లు. ఆ నూరేళ్లలో ఎన్ని తరాల పిల్లలు నేను చూసిన పాపలా తడబడకుండా చదివి, తల దించుకుని కూర్చున్నారో! మీలో కొందరికి రేపు సవరలుండే సీతంపేట వైపు పోస్టింగ్ రావొచ్చు. వస్తే వెనకాడకండి. మొదటి నెలలో మీ పిల్లల భాషలో నూరు మాటలు నేర్చుకోండి. వాళ్లే నేర్పుతారు, ఎంతో ఇష్టంగా నేర్పుతారు. నేను చూశాను.

సరే, ఇక ఆ కాగితం తీయండి. అందులో మూడో తరగతి కోసం వచ్చిన ఒక పాఠం ఉంది, చెరువు గురించి, పన్నెండు వాక్యాలు. ఇంకా అచ్చుకు వెళ్లలేదు. నేను దాన్ని రెండుసార్లు దిద్దాను, నాకు ఇంకా తృప్తిగా లేదు. ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు పైకి చదవండి, ఒకరు కళ్లు మూసుకుని వినండి. మీ ఊళ్లో మీకు తెలిసిన ఒక పిల్లనో పిల్లవాణ్నో మనసులో పెట్టుకుని వినండి. ఎక్కడ ఆ పిల్ల చూపు పక్కకు పోతుందనిపిస్తే అక్కడ గీత పెట్టండి. పదిహేను నిమిషాలు తీసుకోండి. గీతలన్నీ నాకు కావాలి.

వెనక బెంచీల వాళ్లకు కాగితాలు అందాయా?